పదకొండు మూగ చెక్కలు

మున్నేరు ఖమ్మంలోకి వచ్చిన ఏడు ఇది జరిగింది. గోదావరి డెబ్బై అడుగులు దాటి భద్రాచలాన్ని ముంచిన ఏడు కాదు. దాని తర్వాత రెండేళ్లకు వచ్చిన వరద. ఆ నీళ్లు మా హాల్లో నా ఛాతీ దాకా నిలిచాయి.

మాది బాస్కెట్‌బాల్ హాలు. అంతకుముందు మిర్చి గోదాము. ఓనరు వెంకటేశ్వరరావు గారిది మిర్చి వ్యాపారం. ఆడపిల్లల లీగు మొదలైనప్పుడు ఆయన కిన్నెరసాని అని పేరు పెట్టి ఒక జట్టును నిలబెట్టారు. గోదామును హాలుగా మార్చారు. అందులో నేల వేసింది నేను. నా పేరు రాందాస్. జూలూరుపాడు దగ్గర తండా మాది. బడికి మూడేళ్లు పోయాను. తల్లాడ కోతమిషన్లో ముప్పై ఏళ్లు పనిచేశాను. భద్రాచలం డిపోలో టేకు దుంగలు నేనే ఏరి, దగ్గరుండి కోయించి, ఒక్కొక్క చెక్కా నా చేత్తో బిగించాను. ఎండ ముదిరితే ఇప్పటికీ పైకప్పు నుంచి మిర్చి ఘాటు దిగుతుంది. బయటి జట్లు తుమ్ముతాయి. మా పిల్లలు తుమ్మరు.

తడి తగిలితే కొన్ని చెక్కలు మూగబోతాయి. కంటికి ఏమీ తెలియదు. రంగు అదే, నునుపు అదే. బంతి కొడితే తెలుస్తుంది. నడుము దాకా లేవాల్సిన బంతి మోకాలి కిందే ఆగిపోతుంది. వెదురు కట్టెతో తడితే మంచి చెక్క టంగుమంటుంది, మూగది దబ్బుమంటుంది. ప్రతి వానాకాలం రెండో మూడో అట్లా పోయేవి.

పాత కోచ్ కోటేష్ మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే చెప్పులు విప్పి వచ్చేవాడు.

"రాందాస్ మామా, నేల ఏమంటున్నది?"

నేను కట్టెతో తడుతూ ముందు నడిచేవాడిని, ఆయన వెనక నడిచేవాడు. ఆగిన చోటల్లా చెప్పేవాడిని. ఆయన పోయి పిల్లలకు చెప్పేవాడు. మన పిల్లలు ఆ చోట్లు తప్పించుకునేవారు, అవతలి వాళ్లను ఆ చోట్లకే తోలేవారు. నాలుగేళ్లు అట్లా నడిచింది. కాగితం లేదు, కలం లేదు.

వరద తీసిన నాలుగో రోజు కోటేష్ బెజవాడ జట్టుకు పోయాడు. ఒక్క చెక్క ఎత్తలేదు. అయినా నాకు కోపం రాలేదు. వచ్చి చెయ్యి పట్టుకుని చెప్పి పోయాడు.

చెక్కలన్నీ లేపాను. ఒండ్రు కడిగాను. నీడన పేర్చి, వంగిపోకుండా పైన ఇసుక బస్తాలు పెట్టి నలభై రోజులు ఆరబెట్టాను. కింది అడ్డదూలాలు నాలుగు మెత్తబడ్డాయి. మార్చాలని ఓనరుకు చెప్పాను. "ఈ సీజన్ అయిపోనీ రాందాసూ" అన్నారు. సరే అని మళ్లీ పరిచాను. అంతా అయ్యాక కట్టె పట్టుకుని నడిచి చూస్తే పదకొండు చెక్కలు మూగబోయి ఉన్నాయి. ఏ ఏడూ అన్ని లేవు.

కార్తీకంలో కొత్త కోచ్ వచ్చింది. పేరు ఫ్లోరెన్స్. బోనకల్ రైల్వే క్వార్టర్లలో పుట్టింది, రైల్వే జట్టుకు ఆడింది. నలభై దాటి ఉంటాయి. ఎడమ మోకాలి మీద జానెడు కుట్ల గీత ఉంది. ఆమె జట్టుతో లోపలికి వచ్చేసరికి నేను వొట్టికాళ్లతో కట్టె తడుతూ నడుస్తున్నాను.

ఆమె కోర్టు అంచు గీత దగ్గరే ఆగి చూసింది.

"ఏంది తాతా, దయ్యాలను లేపుతున్నవా?"

పిల్లలు గొల్లుమన్నారు. అందరికన్నా గట్టిగా నవ్వింది సువర్ణ. అది ఆరడుగులు ఉంటుంది, దాని నవ్వు రేకుల కప్పుకు తగిలి కిందికి వస్తుంది. పూలి కూడా నవ్వింది. పూలి నా తమ్ముడి మనవరాలు. మా తండా నుంచి ఈ జట్టులోకి వచ్చిన పిల్ల అదొక్కతే. నన్ను దాదా అంటుంది.

"కట్టె బయట పెట్టు. గీతలు పడతయ్" అంది ఫ్లోరెన్స్.

కట్టె బయట పెట్టాను. దాంతోపాటే నోరు కూడా.

ఆమె నేలను ఒక్క చోట ముట్టి చూసి, "ఇది నీళ్లు తాగిన చెక్క. రోజూ దూకితే లేస్తది. మ్యాచులకే ఉంచుదాం. ప్రాక్టీసు కాలేజీ సిమెంటు కోర్టులో" అని పిల్లలకు చెప్పింది. నలభై రోజులు నేను ఆరబెట్టిన నేల అది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే పదకొండూ చూపించేవాడిని. అడగనివాళ్లకు చెప్పే అలవాటు నాకు లేదు.

మర్నాడు ఆఫీసులో పనిచేసే శ్రీధర్ ఒక కాగితాల కట్ట తెచ్చాడు. ఒక్కో కాగితంలో పద్నాలుగు వరుసలు, పక్కన గళ్లు. అంతా ఇంగ్లీషు.

"రోజూ ఒకటి నింపాలె తాతా. మేడం ఆర్డరు. అన్నిటికీ టిక్కు కొట్టి కింద సంతకం చెయ్యి."

"ఏమున్నది ఇందుల?"

"ఏముంటది? ఊడ్చినవా, తుడిచినవా, లైట్లు వెలుగుతున్నయా. నువ్వు చేసేటివే కదా. టిక్కు కొట్టు."

సంతకం నాకు వచ్చు. టిక్కు కొట్టడానికి చదువు అక్కర్లేదు. ఊడ్చానో లేదో కాగితం మీద చెప్పించుకునే మనిషి వచ్చిందన్నమాట అనుకున్నాను. ఆ రోజు నుంచి రోజూ పద్నాలుగు టిక్కులు కొట్టి, పేరు రాసి, ఆమె బల్ల మీద పడేసి వచ్చాను. ఆమె తీసుకునేది. నా ముఖం చూసేది కాదు. నేనూ చూసేవాడిని కాదు.

సీజన్ మొదలైంది. ఎనిమిది జట్లు, ఒక్కొక్కరికి పద్నాలుగు మ్యాచులు, ఏడు మా హాల్లో. మొదటి నాలుగు జట్లు పై ఆటకు పోతాయి.

ఆమె పిల్లలను పిండింది. చీకటితో లేపి మున్నేరు కట్ట మీద పరుగు. తప్పు చేస్తే మళ్లీ పరుగు. "ఇది పిక్నిక్ అనుకున్నరా? తండాల పెండ్లి అనుకున్నరా?" అని ఒకసారి పూలిని అందరి ముందర అంది. పూలి దించిన తల ఎత్తలేదు. ఆ మాట నా చెవిలో చాలా రోజులు ఉంది.

కానీ బయటి ఊళ్లలో గెలుస్తూ వచ్చారు. అది అబద్ధం చెప్పను. కోటేష్ ఉన్నప్పుడు బయట అన్ని గెలవలేదు.

మా హాల్లోనే తిరకాసు. మొదటి మ్యాచులో పూలి బంతి కొట్టుకుంటూ కుడిపక్కకు పోయింది. బంతి కింద పడింది, లేవలేదు. పూలి చెయ్యి గాలిలో ఆగింది. అవతలి పిల్ల బంతి ఎత్తుకుపోయింది. రెండో మ్యాచులో మళ్లీ అదే. అవతలి వాళ్లకూ రెండుసార్లు అట్లా అయింది. వాళ్లు బూట్లు చూసుకున్నారు, బంతి మార్చమన్నారు. నేను స్కోరు బోర్డు కింద స్టూలు మీద కూర్చుని చూశాను. ఈ రోగానికి మందు నా దగ్గరే ఉందని తెలుసు. ఇవ్వలేదు.

ఫ్లోరెన్స్ పూలిని పట్టుకుంది.

"చేతులా అవి, చేటలా?"

"బంతి లేవలే మేడం."

"నేల బాగానే ఉంది. రోజూ చూస్తున్న. నీ చెయ్యే బాగలేదు."

రోజూ చూస్తున్నానంది. ఆ మాట విని లోపల నవ్వుకున్నాను. మ్యాచ్ రోజు తప్ప ఆమె కాలు నేల మీద పడదు.

ఆ రోజు నుంచి పూలికి శిక్ష. ప్రాక్టీసు అయ్యాక సిమెంటు మీద వెయ్యిసార్లు బంతి కొట్టాలి, కుడి ఐదువందలు, ఎడమ ఐదువందలు. నాలుగో వారానికి దాని అరచేతులు పగిలాయి. అన్నం కలపలేక చెంచాతో తినేది. సంక్రాంతి ముందర ఒకరోజు నా దగ్గరికి వచ్చింది. నేను రింగు బోల్టులు బిగిస్తున్నాను.

"దాదా, కుడిపక్క ఆడ చెక్క మూగబోయింది కదా?"

నేను నిచ్చెన మీద నుంచి దిగలేదు.

"చెప్పు దాదా. కోటేష్ సార్‌కు చెప్పేటోనివి కదా."

"మీ మేడంను అడగమను."

"నువ్వే చెప్తే ఏం పోతది?"

"నా నోరు ఆమెకు దయ్యాల నోరు. అడిగితే చెప్త."

పూలి పోయింది. రెండు రోజులకు తిరిగి వచ్చింది.

"అడిగిన దాదా. 'నేను ఆయన్ను రోజూ అడుగుతనే ఉన్న' అంటున్నది."

ఆమె నాతో ఒక్క మాట మాట్లాడి యాభై రోజులు. అబద్ధం కూడా ఆడుతుందన్నమాట అనుకున్నాను. అప్పటిదాకా కోపమే ఉండేది. ఆ రోజు నుంచి ఆమె పోవాలని కోరుకున్నాను.

"ఆమె అబద్ధం నీకు తీపి, నా నిజం నీకెందుకు?" అన్నాను పూలితో.

"నాకు మీరిద్దరూ వద్దు" అంది పూలి. "నాకు బంతి లేస్తే చాలు."

పదమూడు మ్యాచులు అయ్యాయి. మేమూ బెజవాడా నాలుగో స్థానం దగ్గర సమానంగా నిలబడ్డాం. ఆఖరి మ్యాచ్ మా హాల్లోనే, బెజవాడతోనే. గెలిచినవాళ్లు పైకి పోతారు. దానికి నాలుగు రోజుల ముందు వెంకటేశ్వరరావు గారు హాలుకు వచ్చారు. ఫ్లోరెన్స్‌ను గీత దగ్గర నిలబెట్టి మాట్లాడారు. నేను పక్కనే తుడుస్తున్నాను. నన్ను ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు కాబట్టి అన్నీ వినపడతాయి.

"బయట గెలుస్తరు, ఇంట్ల ఓడతరు. ఇదేం లెక్క ఫ్లోరెన్స్ గారూ? మన జనం ముందర పరువు పోతున్నది."

"ఆఖరిది గెలుస్తం సర్."

"గెలవకపోతే?"

"మీ ఇష్టం సర్."

"నా ఇష్టమంటే, తెల్లారి మీరు సామాను సర్దుకోవాలె. ముందే చెప్తున్న."

"సరే సర్."

ఆ రోజు నేల రెండుసార్లు తుడిచాను. చెయ్యి నొప్పి తెలియలేదు.

మ్యాచ్ రోజు పొద్దున ఎనిమిది గంటలకు కోటేష్ ఒక్కడే వచ్చాడు. పొట్ట పెరిగింది. తలుపు దగ్గరే చెప్పులు విప్పాడు.

"మామా, బాగున్నవా? నేల ఏమంటున్నది?"

ఐదు నెలల తర్వాత ఆ మాట విన్నాను. ఆయన ఇప్పుడు అవతలి మనిషి అని నాకు తెలుసు. తెలియదని అనను. బయటికి పోయి గోడకు చేరేసిన కట్టె తెచ్చాను. దుమ్ము పట్టి ఉంది. తుండుగుడ్డతో తుడిచాను.

తూర్పు బుట్టకు కుడిపక్కన, గీతకు రెండడుగులు లోపల మూడు. పడమటి బెంచీ ముందర రెండు. నడిమి గుండ్రం అంచున రెండు. ఎడమ గీత పొడుగునా నాలుగు. ఒక్కొక్కటి తట్టి వినిపించాను. కోటేష్ వంగి చెవి పెట్టి విన్నాడు.

"కొత్త మేడంకు చెప్పినవా?"

"అడగలే."

ఆయన నా ముఖం చూసి నవ్వాడు. "నీ పౌరుషం ఎక్కడికి పోతది మామా!" అని భుజం తట్టి పోయాడు. తట్టిన చోట వేడిగా ఉంది. కట్టె మళ్లీ గోడకు చేరేశాను. తర్వాత ఆ రోజు కాగితం తీసి పద్నాలుగు టిక్కులు కొట్టాను.

సాయంత్రం హాలు నిండింది. బెజవాడ నుంచి రెండు బస్సుల జనం వచ్చారు. మొదటి సగం పోటాపోటీగా నడిచింది. సగం అయ్యాక వైపులు మారాయి. మా పిల్లలు తూర్పు బుట్ట మీదికి ఆడాలి. అప్పుడు కోటేష్ లేచి నిలబడ్డాడు. పూలి చేతికి బంతి వచ్చినప్పుడల్లా చెయ్యెత్తి కుడివైపు చూపించాడు. ఆయన పిల్లలు ఇద్దరు పూలికి ఎడమపక్క మూసి, మేకను దొడ్లోకి తోలినట్టు కుడిపక్కకు తోలారు. నేను పొద్దున కట్టె ఆనించిన చోటికి.

మొదటిసారి బంతి పోయింది. రెండోసారి పోయింది. జనం పూలిని తిట్టారు. "గాజులు తొడుక్కుని ఇంట్ల కూసో!" అని ఎవడో అరిచాడు. ఫ్లోరెన్స్ దాన్ని బయటికి తీయలేదు. ఇంకెవరైనా తీసేవాళ్లు. "నీ చేతి మీద నాకు నమ్మకం ఉంది, పో!" అని అరిచింది. వెయ్యిసార్లు కొట్టించింది కదా, ఆ నమ్మకం.

ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు ముందున్నాం. బంతి పూలి దగ్గరే. పది సెకన్లు ఆపుకుంటే చాలు. ఇద్దరు వచ్చి తోలారు. పూలికి ఆ చోటు తెలుసు. కాలితో గీత వెతుక్కుంటూ తప్పించుకోవడానికి చూసింది. చోటు లేదు. బంతి మూడో చెక్క మీద పడింది. దబ్బుమంది. అంత గోలలోనూ నాకు ఆ చప్పుడు వినపడింది. అవతలి పిల్ల ఎత్తుకుపోయి పడమటి బుట్టలో వేసింది. గంట మోగింది.

పూలి ఆ చెక్క మీదే కూర్చుంది. అరచేతులు చూసుకుంటోంది.

జనం పోయారు. వెంకటేశ్వరరావు గారు ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కారు. నేను తుడుపుగుడ్డ తీసుకుని నేల మీదికి పోయాను. ఫ్లోరెన్స్ బూట్లు విప్పి, ఆ మూడు చెక్కల మీద వొట్టికాళ్లతో నిలబడి ఉంది. బంతి తీసుకుని ఒకసారి కొట్టింది. లేవలేదు. పక్క చెక్క మీద కొట్టింది. లేచింది.

"శ్రీధర్, ఫైలు తీసుకురా" అంది.

శ్రీధర్ తెచ్చాడు. ఆమె దాన్ని నా కాళ్ల ముందర పెట్టింది.

"తొంభై రెండు కాగితాలు. ప్రతిదాంట్ల ఏడో వరుస చదువు తాతా."

నేను చూశాను. నా టిక్కు ఉంది. మిగతాది నల్లటి గీతలు.

"చదువు."

"రాదు."

ఆమె వంగి ఏడో వరుస మీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. అది తిట్టినదానికన్నా చెడ్డగా ఉంది.

"చచ్చిన చెక్కలు ఏవీ లేవు. ఉంటే, ఎక్కడో పక్కన రాయాలె. ఇది ఏడో వరుస. లేవు అని తొంభై రెండు రోజులు టిక్కు కొట్టినవ్. ఈ పొద్దు కూడా."

శ్రీధర్ తల గోక్కున్నాడు. "నేను... ఊడ్చుడు, తుడుచుడు అనే అనుకున్న మేడం."

"నువ్వు నోరు ముయ్యి" అంది ఆమె.

"నువ్వు నన్ను అడగలే" అన్నాను నేను. ఆమెను నువ్వు అనడం అదే మొదలు.

"రోజూ అడిగిన. కాగితం మీద అడిగిన. మా రైల్వేల అట్లనే అడుగుతరు. నీకు చదువు రాదని నాకెవరు చెప్పిన్రు?"

"కట్టె బయట పెట్టమన్నవ్."

"కట్టె పెట్టమన్న. నిన్ను పొమ్మనలే."

"అందరూ నవ్విన్రు."

"నవ్వితే? దానికి ఈ పిల్ల చేతులు కోస్తవా?" పూలి చెయ్యి పట్టుకుని నా ముఖం ముందర పెట్టింది. కట్టు ఊడింది. లోపల ఎర్రగా ఉంది.

"కొట్టించింది నువ్వు" అన్నాను.

"అవ్. నేనే. నీ టిక్కు నమ్మి." చెయ్యి వదిలింది. "ఇంకొకటి చెప్పు. వాళ్లు ఈ పిల్లను సరిగ్గా ఈడికే తోలిన్రు. కోటేష్‌కు ఎవరు చెప్పిన్రు?"

అబద్ధం ఆడొచ్చు. కోటేష్ పాతవాడు, ఆయనకు ముందే తెలుసు అనొచ్చు. ఆమె అబద్ధాలకోరు అని నేను నెలకు పైగా అనుకున్నాను. ఆమె ఆడలేదని ఇప్పుడే తేలింది.

"నేనే."

పూలి లేచి నిలబడింది. మా భాషలో ఒక్క మాట అంది. తండాలో మనుషులను ఆ మాట అనరు. ఇక్కడ చెప్పను. దాదా అనే మాట దాని నోట మళ్లీ రాలేదు.

ఫ్లోరెన్స్ బూట్లు చేత పట్టుకుని నడిచింది. తలుపు దగ్గర ఆగి, "నేను పోతున్నందుకు కాదు తాతా. ఉద్యోగం ఇంకొకటి దొరుకుతది. నీ నేల నీతోని మాట్లాడుతది అంటరు కదా అందరూ. దాని నోరు కూడా నువ్వే మూసినవ్" అంది.

నేను వంగి ఫైలు ఎత్తుకున్నాను. దయ్యాల మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు, పెండ్లి మాట కూడా. అవి అన్నది ఆమే.

మర్నాడు పొద్దున ఏడింటికి ఆఫీసు ముందర కూర్చున్నాను. శ్రీధర్ వచ్చి తాళం తీశాడు.

"కాగితం ఒకటి ఇయ్యి."

"సీజన్ అయిపోయింది తాతా. ఇంకెందుకు?"

"ఇయ్యి. నువ్వు చదువు. ఒక్కొక్క వరుస."

మొదటిది చదివాడు. ఊడ్చారా. ఇంకా ఊడ్వలేదు. గడి ఖాళీగా వదిలాను. రెండోది తుడిచారా. అదీ లేదు. లైట్లు వెలుగుతున్నాయి, టిక్కు కొట్టాను. బోల్టులు గట్టిగా ఉన్నాయి, కొట్టాను. ఏడో వరుస వచ్చింది. అక్కడ టిక్కు కొట్టలేదు. పదకొండు చోట్లూ చెప్పాను, ఎన్ని అడుగులో, ఏ గీత నుంచో. శ్రీధర్ పక్కన పట్టక కాగితం వెనక్కి తిప్పి రాశాడు. పద్నాలుగూ అయ్యాక సంతకం చేశాను.

"ఎవరికియ్యాలె దీన్ని? మేడం పొద్దున రైలుకే పోయింది."

"బోనకల్‌కు పంపు."

"ఆమెకెందుకు ఇప్పుడు?"

"అడిగింది."

బయట గోడకు చేరేసిన కట్టె జోలికి పోలేదు. పలుగు తీసుకుని లోపలికి పోయాను. తూర్పు బుట్టకు కుడిపక్కన, గీతకు రెండడుగులు లోపల మోకాళ్ల మీద కూర్చున్నాను. మూడు చెక్కల్లో మొదటిదాని కింద పలుగు దూర్చి లేపాను.